చెద పట్టని కలప కావాలంటే చేవ చూడండి

టేకు అంటే చెద పట్టదు అని కళ్ళు మూసుకుని కొనేయకండి. చెదల్ని దూరం పెట్టేది చెట్టు పేరు కాదు, దాని చేవలో, అంటే మాను లోపలి ముదురు చెక్కలో పేరుకున్న రసాయనాలు. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, ఇపే అనే దక్షిణ అమెరికా కలపలో లపాకోల్ ఉంటుంది. ఇలాంటివి చెదలకు విషం, లేదంటే కనీసం తినబుద్ధి కానివ్వవు.

ముందు దుంగ కోసిన చివర చూడండి. మధ్యలో ముదురు రంగులో ఉన్నదే చేవ. బెరడు పక్కన లేత రంగులో ఉన్న చెక్కలో ఈ రసాయనాలు దాదాపు ఉండవు, పైగా పిండిపదార్థం ఉంటుంది, అంటే చెదలకు విందే. ఎంత ఖరీదైన కలపైనా ఆ భాగం తీసేయించండి (పాలిష్ వేశాక తేడా కనిపెట్టడం కష్టం, అందుకే ముందే చూడాలి). లేత వయసులో నరికిన చెట్టులో చేవ తక్కువ, రక్షణా తక్కువే.

ఇంకోటి, ఎప్పుడూ వానలో నానే చెక్కలోంచి ఈ పదార్థాలు కొన్ని మెల్లగా కరిగి పోతాయి. కాబట్టి నేలకు ఆనించకుండా, తడి తగలకుండా బిగించండి. రంపపు పొట్టు పడనివారు కోసేటప్పుడు మాస్క్ పెట్టుకుని, ఒళ్ళు కప్పుకోండి, ఇవే రసాయనాలు కొందరికి చర్మం మీద దురద తెప్పిస్తాయి.