ఆ మెసేజ్ మీ చేత ఏం చేయించాలనుకుంటోంది?

నకిలీ మెసేజ్‌లో అక్షరదోషాలుంటాయని, వాటితో పట్టేయొచ్చని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ రోజులు పోయాయి. ఇప్పటి మోసగాళ్ల తెలుగు కొన్ని ఆఫీసు నోటీసుల తెలుగు కంటే శుభ్రంగా ఉంటోంది. లోగో, భాష, డీపీ ఫొటో పక్కన పెట్టి, చివరికి ఏం చేయమంటున్నారో చూడండి. లింకు నొక్కమనడం, యాప్ వేసుకోమనడం, పిన్ కొట్టమనడం, ఫోన్ పెట్టేయొద్దనడం: విశాఖలో తిరిగే మోసాల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటి దగ్గరికే వస్తాయి.

లింకు నొక్కమంటే

ముందు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు ఎస్‌ఎంఎస్‌ను పది అంకెల మొబైల్ నంబరు నుంచి పంపవు, అక్షరాల పేరుతో పంపుతాయి. 2025 నుంచి ఆ పేరు చివర చిన్న గీత, దాని తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటున్నాయి: ప్రకటనకు పి, సేవకు ఎస్, లావాదేవీకి టి, ప్రభుత్వానికి జి. "బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి 9.30కి కరెంటు కట్ చేస్తాం, ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి" అని ఎవరిదో మొబైల్ నంబరు నుంచి వస్తే అది మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ మెసేజ్ కాదు. అనుమానం తీరకపోతే కరెంటు హెల్ప్‌లైన్ 1912కి మీరే చేయండి.

తర్వాత అడ్రసు. దీన్ని వెనక నుంచి చదవాలి. మొదట్లో ఉండే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే తొలి ఏటవాలు గీత దగ్గర ఆగండి. దానికి ఆనుకుని ఎడమ వైపున్న ముక్కలే యజమాని పేరు. "ఎస్‌బీఐ డాట్ కేవైసీ-అప్‌డేట్ డాట్ కామ్" అని ఉంటే ఆ సైటు ఎస్‌బీఐది కాదు, "కేవైసీ-అప్‌డేట్" పేరు కొనుక్కున్నవాడిది. అంతకు ముందు ఎస్‌బీఐ అనే కాదు, ఏ పేరైనా తగిలించుకోవచ్చు. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"తో ముగిసే అడ్రసులకు మారాలని ఆర్‌బీఐ ఆదేశించింది కాబట్టి ఇప్పుడు పోల్చుకోవడం తేలిక. బ్రౌజర్‌లో తాళం గుర్తు చూసి మాత్రం నమ్మొద్దు. దొంగ సైటుకూ అది దొరుకుతుంది.

యాప్ వేసుకోమంటే

అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే ఓటీపీ మీరు చెప్పనక్కర్లేదు. ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. శుభలేఖ అయితే ఫొటోనో పీడీఎఫ్‌నో కావాలి. పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్. వేసుకోగానే ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారంటే మీకొచ్చే ఓటీపీ వాళ్లకూ చేరుతుంది. పంపింది మీ బావమరిదే అయినా నమ్మకండి. ఆయన ఫోన్ ముందే వాళ్ల చేతికి చిక్కి ఉండొచ్చు. చలానా ఉందో లేదో పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూసుకోండి.

పొరపాటున వేసేసుకుంటే, ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి సిమ్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. ఆ తర్వాతే యాప్ సంగతి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అనుమతి తీసేసి మళ్లీ ప్రయత్నించండి. మా సలహా అయితే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడమే. పాస్‌వర్డులు అదే ఫోన్‌లో మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే వెళ్తాయి.

పిన్ కొట్టమంటే

యూపీఐ పిన్ కొట్టాక డబ్బు మన ఖాతాలోంచి పోతుందే తప్ప రాదు. గాజువాకలో పాత మంచం అమ్మకానికి పెడితే, "నేవీలో చేస్తున్నాను, అడ్వాన్సు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటాడొకడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోయేది మీకే. నేవీ అంటే ఈ ఊళ్లో ఇట్టే నమ్ముతారని వాడికీ తెలుసు.

ఫోన్ పెట్టేయొద్దంటే

"మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోనే ఉండండి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అని పోలీసులమంటూ బెదిరించి, మిమ్మల్ని "డిజిటల్ అరెస్ట్" చేశామంటారు. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. మీరు ఇంకొకరిని అడగకుండా ఉంచడానికే ఆ కాల్. చక్కటి తెలుగు వినబడిందని మెత్తబడొద్దు: డేటా ఎంట్రీ ఉద్యోగాలని కంబోడియా తీసుకెళ్లి మన కుర్రాళ్ల చేతే ఇలాంటి మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు.

డబ్బు పోయాక

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకోదానికి నిమిషాల్లో దూకుతుంది, ఇంకా విత్‌డ్రా కాని భాగాన్నే బ్యాంకులు ఆపగలవు. పోయిన మొత్తం, సమయం, మీ బ్యాంకు, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. చాట్ డిలీట్ చేయొద్దు. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా చెప్పండి: ఆర్‌బీఐ 2017 ఉత్తర్వు ప్రకారం ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు దాకా జరిగిన నష్టం మీది, ఆ తర్వాత జరిగేది బ్యాంకుది.

కొన్నాళ్లకు "మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ రావచ్చు. ఒకసారి మోసపోయినవారి నంబర్లు ఈ ముఠాల్లో చేతులు మారుతుంటాయి. 1930 ఫిర్యాదుకు ఫీజు ఏమీ లేదు.