మిన్నియాపొలిస్ చలికాలంలో సైకిల్ తొక్కడం ఎలా

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువైందంటే మన పత్రికలు గడ్డిపరకల మీద పేరుకున్న మంచు ఫొటోలను మొదటి పేజీలో వేస్తాయి. అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రతే మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. దాని గురించి అక్కడ ఎవరూ మాట్లాడుకోరు. చదువుకో ఉద్యోగానికో ఆ ఊరు చేరి, కారు బీమా వాయిదాలు చూసి గుండె గుభేలుమని, సైకిలే గతి అని తేల్చుకున్న తెలుగువారి కోసం ఈ సూచనలు. మొదటే ఒక మాట చెప్పుకోవాలి: చలిని ఎలాగో ఓర్చుకోవచ్చు, తంటా అంతా తడితోనే. ఒంటి మీది తడి, బ్రేకు తీగలోని తడి, తాళంలోని తడి, ఇవన్నీ గడ్డకట్టినప్పుడే కష్టాలు మొదలవుతాయి.

బట్టల సంగతి ముందు చూద్దాం. ఇంటి గుమ్మం దాటగానే వెచ్చగా అనిపించిందంటే ఒక బట్ట ఎక్కువ వేసుకున్నారని అర్థం. మొదటి పది నిమిషాలు కాస్త వణుకుతూనే తొక్కాలి. ఆ తరువాత ఒళ్ళే వేడెక్కుతుంది. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు అమ్మ సూట్‌కేసులో బలవంతంగా కుక్కిన రెండు స్వెట్టర్లనూ ఒకదానిపై ఒకటి తొడుక్కుని, పైన మోకాళ్ళ దాకా వచ్చే కోటు వేసుకున్నవారు రెండు కిలోమీటర్లకే చెమటతో ముద్దవుతారు. లోపల నూలు బనియను ఉంటే అది ఆ చెమటను పీల్చుకుని విడిచిపెట్టదు. సిగ్నల్ దగ్గర ఆగిన నిమిషంలోనే వీపుకు తడిగుడ్డ చుట్టినట్లవుతుంది. అందువల్ల లోపల పలుచని ఉన్ని లేదా పాలియెస్టర్ బనియను, దాని మీద ఒక ఫ్లీస్ (మెత్తని నూగున్న కృత్రిమ బట్ట) చొక్కా, అన్నిటికీ పైన గాలిని ఆపే పలుచని జాకెట్ చాలు. చంకల కింద జిప్పులున్న జాకెట్ దొరికితే మరీ మంచిది. ఎక్కుడు దారి రాగానే ఆ జిప్పులు తెరవాలి.

ఎదురుగాలి విషయంలో సైకిల్ తొక్కేవారు తమ గాలిని తామే పుట్టించుకుంటారు. మైనస్ 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది మైనస్ 28 డిగ్రీలతో సమానమని, అప్పుడు కప్పుకోని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చని అమెరికా వాతావరణ శాఖ పట్టిక చెబుతుంది. చురుగ్గా తొక్కే మనిషి వేగమూ దాదాపు అంతే కనుక, గాలి లేని రోజున కూడా ఆ లెక్క మీకు వర్తిస్తుంది. హైదరాబాద్‌లో పదిహేను డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే బాబాయిలను చూసి నవ్వినవారందరూ ఇక్కడ దాన్ని హెల్మెట్ కింద భక్తితో ధరిస్తారు. అయితే ముక్కు మీదుగా కప్పుకుంటే ఊపిరి పైకి ఎగదన్ని కళ్ళజోడు మసకబారుతుంది. ఆ మసకే మరుక్షణం మంచుపొరగా మారుతుంది, వేలితో గీరినా పోదు. నోటి దగ్గర గుడ్డను కొంచెం కిందికి లాగి ఊపిరి ముందుకు పోయేలా చూసుకోవాలి, లేదా కళ్ళజోడు మీద పట్టే స్కీయింగ్ గాగుల్స్ కొనుక్కోవాలి. కంటి రెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుంటే లాగకూడదు. గ్లోవ్ తీసి అరచేతిని కంటి మీద ఆనిస్తే రెండు క్షణాల్లో విడిపోతాయి. ముక్కు ఎలాగూ ధారగా కారుతుంది. గ్లోవ్‌ల బొటనవేలి మీద మెత్తని గుడ్డ కుట్టేది అందుకే, మొహమాటపడనక్కరలేదు.

వేళ్ళు కొంకర్లు పోతే బ్రేకు పట్టుకోలేరు కనుక చేతుల మీద ఖర్చుకు వెనకాడవద్దు. హ్యాండిల్‌కు రెండు వైపులా తొడిగే, చెయ్యి లోపల దూర్చుకునే పెద్ద సంచులను ఇక్కడివారు పోగీలు అంటారు. అవి ఉంటే లోపల పలుచని గ్లోవ్‌లు సరిపోతాయి. బూట్ల విషయంలో అందరూ చేసే పని రెండు జతల మేజోళ్ళు ఇరికించడం. బిగుతైన బూటులో రక్తం ఆడక కాళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒక సైజు పెద్ద బూట్లు, ఒక జత ఉన్ని మేజోళ్ళు చాలు.

ఇక టైర్లు. నున్నని మంచుగడ్డ మీద మామూలు టైరుకు పట్టు ఉండదు. టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు పొదిగిన టైర్లు రెండు చక్రాలకూ వేయించాలి; డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు చక్రానికి వేయించాలి. వెనక చక్రం జారితే తమాయించుకోవచ్చు, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుంది. కొత్త మేకులు రబ్బరులో కుదురుకోవడానికి మొదటి 40, 50 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద నిదానంగా, గట్టి బ్రేకులు వేయకుండా తొక్కాలి. ఆ చిటపట చప్పుడుకు పాదచారులు వెనుదిరిగి చూస్తారు. బెల్లు కొట్టే పని తప్పుతుంది. చలికి టైరులో గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి ఇంట్లో వెచ్చగా ఉండగా చూసిన కొలతను నమ్మకూడదు. మెత్తని కొత్త మంచులో మేకులకు పట్టు దొరకదు. అక్కడ గాలి కాస్త తగ్గించిన వెడల్పు టైరే దిక్కు. మలుపులో ఒరగకూడదు, ముందు బ్రేకు ముట్టకూడదు, నిటారుగా కూర్చుని హ్యాండిల్‌ను మెల్లగా తిప్పాలి.

వినడానికి వింతగా ఉన్నా, మైనస్ 20 డిగ్రీల రోజు కంటే సున్నా దగ్గరి రోజే ప్రమాదకరం. గట్టి చలిలో మంచు పొడిగా, కిరకిరలాడుతూ టైరుకు పట్టు ఇస్తుంది. మార్చిలో మధ్యాహ్నం కరిగిన నీరు రాత్రికి అద్దంలా గడ్డకట్టి, మర్నాడు ఉదయం తారు రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా మైనస్ 9 డిగ్రీల కిందికి దిగితే పెద్దగా పనిచేయదు. కాని మీ చైనును తినే పని మాత్రం మానదు. రోజూ ఇంటికి రాగానే చైనును పొడిగుడ్డతో తుడిచి, వానాకాలపు చిక్కని నూనె వేయాలి.

సైకిల్‌ను ఇంట్లో పెట్టాలా, బయట పెట్టాలా అన్నదాని మీద ఇక్కడ వాదోపవాదాలు జరుగుతాయి. వెచ్చని గదిలోకి తెస్తే మంచు కరిగి నీరు బ్రేకు, గేరు తీగల గొట్టాల్లోకి దిగుతుంది. ఉదయం బయటికి తీయగానే గడ్డకట్టి గేరు ఉన్నచోటే బిగుసుకుంటుంది. కనుక రాత్రంతా ఆరే వీలుంటే లోపలికి తేవాలి, లేకపోతే చల్లని షెడ్డులోనే ఉంచాలి. అన్నిటికంటే నవ్వులపాలు చేసేది వెనక చక్రంలోని ఫ్రీవీల్. లోపలి గ్రీజు చిక్కబడితే పళ్ళు పట్టుకోవు. పెడల్ గిర్రున తిరుగుతుంది, సైకిల్ మాత్రం కదలదు. చలికాలానికి ముందే దుకాణంలో పాత గ్రీజు తీయించి పలుచని నూనె వేయించాలి. నడిదారిలో అలా జరిగితే వాడే వెచ్చని ద్రవ చికిత్స ఒకటి పాతకాపులు చెబుతారు కాని, దాన్ని ఇక్కడ వివరించడం మర్యాద కాదు. పైగా అదీ కాసేపటికి గడ్డకట్టేదే.

తాళం బిగుసుకుంటే రంధ్రంలోకి నోటితో ఊదకూడదు, ఊపిరిలోని తేమ మరింత మంచవుతుంది. తాళం రంధ్రం కిందికి ఉండేలా వేసి, మంచు కరిగించే చిన్న సీసాను జేబులో ఉంచుకోవాలి. చేతులు ఖాళీ లేనప్పుడు తాళంచెవిని పెదాల మధ్య పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఊళ్ళో అది పెదవికి అతుక్కుంటుంది. అతుక్కుంటే పీకకుండా గోరువెచ్చని నీళ్ళు పోయాలి.

దారిని కూడా ఆలోచించి ఎంచుకోవాలి. రోడ్డు పక్క గీత గీసిన సైకిల్ వరుసలు మంచు తోసిన తరువాత ఆ మంచుగుట్టల కిందే ఉంటాయి. పాత రైలు మార్గం మీద వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే సుమారు 9 కిలోమీటర్ల పొడవున కార్ల బెడద లేకుండా సాగుతుంది. కాస్త చుట్టయినా దానిమీదే వెళ్ళడం మేలు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలుతుంది కనుక దీపాలు తప్పనిసరి. వాటి బ్యాటరీలను, ఫోనును లోపలి జేబులో ఒంటికి ఆనుకునేలా ఉంచకపోతే సగం దారిలో ఆగిపోతాయి.

వాతావరణ శాఖ అతిశీతల హెచ్చరిక జారీ చేసిన రోజున పౌరుషానికి పోకుండా బస్సెక్కాలి. మెట్రో ట్రాన్సిట్ బస్సుల ముందు సైకిల్ పెట్టుకునే రాక్ ఉంటుంది, దానికి అదనపు చార్జీ లేదు. బస్సు వచ్చాక డ్రైవరుకు కనిపించేలా నిలబడి, రాక్‌ను కిందికి దించి, చక్రం మీదికి వచ్చే కొక్కేన్ని బిగించాలి; ఆ పనికి వేళ్ళు ఆడాలి కాబట్టి స్టాపులో నిలబడి ఉన్నంతసేపూ చేతులు చంకల్లోనే ఉంచుకోండి.