మంచులో నడపడానికి మీ కారు సిద్ధంగా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

మంచు పడ్డాక చూద్దాంలే అనుకోవద్దు. తెల్లవారుజామున ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగుతోందంటే ఈ పనికి అదే సమయం.

1. టైర్లు: అన్నిటికన్నా ముందు ఇవి చూడండి. మామూలు టైరు రబ్బరు చలికి బిరుసెక్కి పట్టు వదిలేస్తుంది. టైరు పక్కభాగంలో మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు ఉన్న గుర్తు వెతకండి. అది ఉంటే మంచు మీద పరీక్షించిన టైరని అర్థం. ‘ఎం+ఎస్’ (M+S, బురద, మంచు అని అర్థం) అక్షరాలు మాత్రమే ఉంటే నమ్ముకోవద్దు, ఆ గుర్తుకు అలాంటి పరీక్ష అక్కర్లేదు. గాడి లోతు 4 మిల్లీమీటర్లకన్నా తగ్గితే మార్చేయండి, అదీ నాలుగూ కలిపి. ముందు రెండే మారిస్తే మలుపులో వెనక చక్రాలు జారి బండి గిర్రున తిరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధీమా ప్రమాదకరం: అది బండిని కదిలిస్తుందే గానీ త్వరగా ఆపలేదు. టైర్లలో గాలి కూడా 5, 6 డిగ్రీల చలి పెరిగితే దాదాపు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. కాబట్టి పొద్దున్నే, బండి తీయకముందే కొలవండి.

2. బ్యాటరీ: రాత్రంతా ఆపి ఉంచిన బండిలో మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే పరికరం) 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 కన్నా తక్కువుంటే ఛార్జ్ చేయించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతుంటే లోడ్ టెస్ట్ (భారం వేసి బ్యాటరీ బలం చూసే పరీక్ష) చేయించండి. చలికి బ్యాటరీ బలం తగ్గే వేళకే ఇంజిన్ ఆయిల్ కూడా చిక్కబడుతుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న బ్యాటరీ ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది.

3. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం): ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి, ద్రవం గాఢత కొలిచే హైడ్రోమీటర్‌తో చూడండి. యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం), డిస్టిల్డ్ వాటర్ సగంసగం కలిపితే దాదాపు మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీళ్లు కలపని యాంటీఫ్రీజ్ మేలనుకోకండి, అది అంతకన్నా ముందే గడ్డకడుతుంది.

4. అద్దాలు: వాషర్ ట్యాంకులో మామూలు నీళ్లుంటే తీసేసి, గడ్డకట్టని ద్రవం నింపి ఒకసారి చిమ్మించండి. పైపుల్లో మిగిలిన నీళ్లే ముందు గడ్డకడతాయి. గీతలు వదిలే వైపర్లు మార్చండి. హీటరుతోపాటు ఏసీ కూడా వేస్తే లోపలి ఆవిరి త్వరగా వదలాలి.

5. డిక్కీలో: మంచు గీకే పలక, చిన్న పార, జంపర్ కేబుళ్లు, టార్చి, దుప్పటి. ఇంధనం సగం ట్యాంకుకు తగ్గనివ్వకండి. మంచులో ఇరుక్కుంటే ఇంజిన్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తప్పక తీసేయండి. అది మూసుకుపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరి ప్రాణం తీస్తుంది.