కనుమ నాడు డాబా ఎక్కే ముందు

మందు మానేసి సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు భయపడాల్సింది భోగికి కాదు, పెద్దపండగకూ కాదు. భోగి నాడు మంటలు, తలంట్లు, పిల్లలకు భోగిపళ్ళు. పెద్దపండగ నాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, పొంగలి, కొత్త అల్లుళ్ళ హడావుడి. ఆ రెండు రోజులూ సీసాలు అటక మీదే ఉంటాయి. అసలు కథ కనుమ నాడు. ఒక పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతుంటుంది, ఇంకో పొయ్యి మీద గారెలు వేగుతుంటాయి. అంతలో ఎవరో ఒకరు "బావా, కాసేపు పైన కూర్చుందాం" అంటారు. ఏం కూర్చోవడమో వేరే చెప్పనక్కరలేదు. పనుంది, బయల్దేరతానంటే కుదరదు. కనుమ నాడు కాకైనా కదలదు కదా.

నేను మానేసి ఎనిమిదేళ్ళయింది. మొదటి కనుమకు గోదావరి జిల్లాలో మా అత్తగారి ఊళ్ళో ఉన్నాను. అబద్ధంతో గట్టెక్కుదామనుకుని, "కడుపులో అల్సరు, టాబ్లెట్లు వాడుతున్నాను" అన్నాను. మా తోడల్లుడు ఏ టాబ్లెట్లని అడిగాడు. ఎన్ని రోజుల కోర్సన్నాడు. నెల రోజులన్నాను. "అయితే ఉగాదికి బాకీ" అని నవ్వాడు. ఉగాదికి నిజంగానే అడిగాడు.

అదే డాబా మీద, మూడు వారాల కిందటి దాకా మెడలో అయ్యప్ప మాలతో తిరిగిన మా బావమరిది కూడా ఉన్నాడు. నలభై ఒక్క రోజులూ అతణ్ణి ఒక్కరూ "ఒక్క పెగ్గే కదా" అనలేదు. వాళ్ళంతా ఈ మనుషులే. స్వామీ అంటూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతను ఎవరికీ కారణం చెప్పలేదు, గడువు చెప్పలేదు, బతిమాలుకోలేదు. మాల ఉంది, అంతే. నేను మాత్రం వాదించడానికి వీలున్న కారణం చెప్పి వాదనను నెత్తికెత్తుకున్నాను.

కాబట్టి బయల్దేరే ముందే జవాబు సిద్ధం చేసుకోండి. "మానేశానండి." అంతే. ఎందుకో, ఎప్పటి నుంచో, ఎన్నాళ్ళో చెప్పొద్దు. "పండగ పూట ఒక్కటి" అంటే మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. మూడోసారి అడిగితే లేచి కిందికి వెళ్ళి గారెలు తెచ్చుకోండి. కారణం చెప్పకుండా కాదనడం మర్యాద కాదేమోనని మనకు ఒక పీకులాట ఉంటుంది. చిత్రమేమిటంటే ఆ మర్యాద గ్లాసు విషయంలోనే గుర్తొస్తుంది.

ఇంకో పని చేయండి. ప్రతి గుంపులోనూ పోసేవాడు ఒకడుంటాడు. అతనికి వారం ముందే ఫోను చేసి సంగతి చెప్పండి. నలుగురి ముందు బలవంతం చేయకపోతే అతిథిని సరిగ్గా చూసుకోలేదన్న మాట వస్తుందని అతని భయం. విడిగా చెబితే అర్థం చేసుకుంటాడు, మీ తరఫున అతనే పది మందికి అడ్డం పడతాడు.

ఆకలితో డాబా ఎక్కొద్దు. ఖాళీ కడుపుకి, నిద్రలేని కళ్ళకి ప్రతి సీసా అందంగానే కనబడుతుంది. ముందు వంటింట్లోకి వెళ్ళి అత్తగారిని అడిగి నాలుగు గారెలు, ఇంత కూర తినండి. సోడా మీ చేత్తో మూత తీసిందే తాగండి. కింద పెట్టిన గ్లాసు మళ్ళీ ఎత్తకండి. స్టీలు గ్లాసులన్నీ ఒకేలా ఉంటాయి, చీకటి పడ్డాక కూల్‌డ్రింకులో ఏం కలిసిందో తెలియదు. మనసు లాగినప్పుడు గడియారం చూసుకోండి. ఆ లాగుడు సాధారణంగా అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట పిల్లలతో గాలిపటం ఎగరేయడానికి సరిపోతుంది.

మానేసినవాడికి కారు తాళాలు అప్పగించడం కొత్త ఆనవాయితీ. గౌరవమే అయినా, ఆఖరివాడు లేచేదాకా అక్కడే కూర్చోవాలి. మొదటి ఏడాది ఆ పదవి వద్దు. హైదరాబాదు నుంచి స్నేహితుల కారులో బయల్దేరడం కూడా వద్దు. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఆగిపోయిన గంటల్లోనే వెనక సీట్లో సంచి విప్పుతారు.

ఇక ఒంటికి సంబంధించిన సంగతులు. జ్యోతి చూసి వచ్చి మాల తీసేసినవాళ్ళు నేరుగా పండగలోకే అడుగు పెడతారు. అన్ని రోజుల విరామంలో ఒళ్ళు పాత కొలత మరిచిపోతుంది. అప్పట్లో తట్టుకున్నంత ఇప్పుడు తాగితే ప్రమాదం.

రోజూ బాగా తాగేవాళ్ళు భోగిమంటలో పాత చీపురుతో పాటు తాగుడునూ వేసేస్తామని ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి రోజే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత మనుషులను గుర్తుపట్టకుండా, లేనివి కనబడుతున్నాయని మాట్లాడితే మొక్కులూ విబూదీ అనుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మానడం డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

తాగుడు మానడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడేవాళ్ళు పండగ కోసం రెండు రోజులు ఆపితే చాలనుకుంటారు. ఆపిన తర్వాత రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. ఆ మధ్యలో తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు పట్టుకుంటాయి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. భర్తకు చెప్పకుండా ఈ మాత్ర కూరలో కలిపే ఇల్లాళ్ళు ఉన్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఆ ఆలోచన వచ్చిందట. అయినా తెలియని మనిషికి పెట్టకూడని మాత్ర అది.

ఒకవేళ కాలు జారితే "ఎలాగూ పోయింది, పండగయ్యాక చూద్దాం" అనుకోకండి. రెండో గ్లాసు దగ్గరైనా లేవండి. పడుకునే ముందు ఒక్కరికి చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైను 14446 ఉంది, కాల్ ఉచితం.

తిరుగు టికెట్టు ఇప్పుడే తీసుకోండి. పండగ దగ్గరపడితే ముక్కనుమ బస్సుల్లో సీటు దొరకదు. రాత్రి బస్సైతే సాయంత్రమంతా డాబా కిందే గడపాలి. పొద్దున బస్సు చూసుకోండి.