సగం ఛానళ్ళు మాయమైతే ముందు కేబుల్ కొస చూడండి

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సముద్రం దగ్గరే. వర్షాలు తగ్గాక డాబా మీది డిష్‌తో వింత సమస్య మొదలైంది: సగం ఛానళ్ళు శుభ్రంగా వస్తున్నాయి, మిగతా సగానికి 'నో సిగ్నల్'. డిష్ పక్కకి జరిగుంటే అన్నీ పోవాలి కదా! సెట్‌టాప్ బాక్స్ మెనూలో చూస్తే రానివన్నీ హారిజాంటల్ పోలరైజేషన్‌వే (సిగ్నల్ తరంగాలు నిలువుగా ఊగితే వర్టికల్, అడ్డంగా ఊగితే హారిజాంటల్). అక్కడే విషయం దొరికింది. బాక్సు అదే కేబుల్లో ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న పరికరం) కరెంటు కూడా పంపుతుంది, వర్టికల్‌కి 13 వోల్టులు, హారిజాంటల్‌కి 18; ఏది కావాలో ఎల్‌ఎన్‌బీకి తెలిసేది ఆ వోల్టేజిని బట్టే. దారిలో వోల్టేజి పడిపోయి ఆ 18 కాస్తా 14 దగ్గరికి దిగితే ఎల్‌ఎన్‌బీ వర్టికల్‌లోనే ఉండిపోతుంది.

బాక్సు స్విచ్ కట్టేసి (తప్పకుండా కట్టేయండి, తీగలు షార్ట్ అయితే బాక్సు పాడవ్వచ్చు) ఎల్‌ఎన్‌బీ దగ్గర ఎఫ్ కనెక్టర్ (కేబుల్ కొసన తిప్పి బిగించే లోహపు ముక్క) విప్పాను. ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది, కేబుల్ చుట్టూ ఉండే జాలీ కూడా నల్లబడింది. నల్లబడినంత మేర కోసేసి, కొత్త కనెక్టర్ బిగించి, నీళ్ళు లోపలికి జారకుండా కేబుల్‌ని కిందికి వంపు తిప్పి, రబ్బరు టేపు గట్టిగా చుట్టాను. అన్ని ఛానళ్ళూ వచ్చేశాయి. బీచ్ వైపు ఉండేవాళ్ళు కొత్త ఎల్‌ఎన్‌బీ కొనేముందు ఈ కనెక్టర్ ఒక్కసారి విప్పి చూడండి, దీని ఖర్చు చాలా తక్కువ.