విదేశీ టీచర్ ట్రైనింగ్ కాలేజీతో కలిసి ఛాత్రోపాధ్యాయుల క్షేమం మీద పనిచేయాలంటే ఎలా?

మీరు పల్లిపాడు డైట్‌లోనో (జిల్లా ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ సంస్థ), మైనంపాడు డైట్‌లోనో, నెల్లూరు, కావలి, ఒంగోలుల్లో ఏదో ఒక బీఈడీ కాలేజీలోనో పాఠం చెబుతున్నారనుకుందాం. అంతర్జాతీయ సహకారం అనగానే మన దగ్గర ముందు ఫ్లెక్సీ కొట్టిస్తారు, శాలువాలు తెప్పిస్తారు, ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకాలు పెడతారు. ఆ తర్వాత ఫైలు బీరువాలోకి వెళ్తుంది. నా మాట వింటే ఈ వరస తిరగేయండి. సంతకాలు చివర్లో చూసుకోవచ్చు. ముందు రెండు కాలేజీల నుంచి పదేసి మంది ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచర్ ట్రైనింగ్ చదువుతున్న పిల్లలు, ఒకే పని మీద ఎనిమిది వారాలు కలిసి కూర్చోవాలి. దీనికి పెద్దగా ఖర్చుండదు. ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, కాస్త నిలకడైన నెట్, అటొకరు ఇటొకరు ఓపికున్న లెక్చరర్లు చాలు.

మన ఇబ్బందేంటో ముందు తేల్చుకోండి

"వెల్‌బీయింగ్" అని టాపిక్ పెట్టుకుంటే అది యోగా క్లాసుతో మొదలై మోటివేషన్ స్పీచ్‌తో ముగుస్తుంది. యోగా మంచిదే. కానీ రాత్రి పన్నెండు దాకా లెసన్ ప్లాన్ రికార్డు రాసిన అమ్మాయిని తెల్లారి ఐదింటికి ప్రాణాయామానికి రమ్మంటే, ఉన్న పనుల మీద ఇంకో పని పెట్టినట్టే.

ఇంటర్న్‌షిప్‌లో, అంటే బడిలో పాఠాలు చెప్పే శిక్షణలో, ఉన్న అమ్మాయి రోజు ఒకసారి దగ్గరగా చూడండి. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బస్సెక్కుతుంది. స్కూల్లో ఆమెకు ఇచ్చింది రెండు పీరియడ్లే. కానీ ఒక సార్ సెలవు పెడితే హెచ్‌ఎం ఆ క్లాసులు కూడా ఈమెకే అప్పగిస్తారు. కాదనలేదు, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చాక చార్టులు గీయాలి, లెసన్ ప్లాన్ రికార్డులో స్కెచ్ పెన్నుతో బోర్డర్లు కొట్టాలి. ఆ రికార్డులో పాఠం ఎలా సాగిందన్న మాట ఎక్కడా ఉండదు, "గమనించితిని" అని సంతకం ఒక్కటే ఉంటుంది. ఆమె టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోందో ఇందులోనే కనిపిస్తుంది.

కాబట్టి మొదటి పని ఇది. మీ బ్యాచ్‌లో ఇష్టపడ్డవాళ్ల చేత ఒక వారం పాటు ఏ గంటలో ఏ పని చేశారో రాయించండి. పేర్లొద్దు. అవన్నీ బోర్డు మీద పెట్టి మూడు కుప్పలు చేయండి: మనం మార్చుకోగలిగినవి, కాలేజీ మార్చగలిగినవి, ఎవరి చేతిలోనూ లేనివి. రెండో కుప్పలోంచి ఒకే ఒక్కటి తీసుకోండి. రికార్డుల సంఖ్య యూనివర్సిటీ చెప్పినట్టే ఉండాలి, దాని జోలికి వెళ్లొద్దు. రికార్డు ఏ రూపంలో రాయాలి, ఎప్పుడు ఇవ్వాలి, పాఠం అయ్యాక ఎవరు పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి అన్నవి మాత్రం ప్రిన్సిపాల్ తలుచుకుంటే మారతాయి.

ఎవరితో కలవాలి

మన ఇబ్బంది తెలిశాకే జోడీ వెతకాలి. పేరున్న యూనివర్సిటీ అని కాకుండా అదే చిక్కు ఉన్న చోటు చూడండి. ఉదాహరణకు మార్కాపురం, యర్రగొండపాలెం వైపు ఒకరిద్దరు టీచర్లతో నడిచే బడుల్లో మన పిల్లలు ఇంటర్న్‌షిప్ చేస్తుంటే, ఐర్లండ్ పల్లెల్లోనూ ఇద్దరు టీచర్ల బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే గదిలో రెండు మూడు తరగతులను నడిపే నేర్పు మన దగ్గర చాలా ఉంది. అక్కడికి చేయి చాచి వెళ్లనక్కర్లేదు, ఇచ్చేదీ మన దగ్గర ఉంది.

కొత్త టీచర్ల పనిభారం గురించి నేర్చుకోవాలంటే ఇంగ్లండ్ వైపు చూడొచ్చు. కొత్తవాళ్లు తొందరగా ఉద్యోగం మానేస్తున్నారని అక్కడి ప్రభుత్వం 2019లో ఒక కార్యాచరణ ప్రకటించింది. దాని ప్రకారం 2021 సెప్టెంబరు నుంచి కొత్త టీచరుకు మొదటి ఏడాది టైమ్‌టేబుల్‌లో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గించి, దారి చూపే ఒక సీనియర్‌ను (మెంటర్) ఇస్తున్నారు. ఓదార్పు మాటలతో సరిపెట్టకుండా పీరియడ్లే తగ్గించారు, నాకు నచ్చింది అదే. ఫిన్లండ్‌లో యూనివర్సిటీలకే అనుబంధంగా ప్రాక్టీస్ స్కూళ్లుంటాయి. ట్రైనీలకు దారి చూపడం అక్కడి టీచర్ల ఉద్యోగంలో భాగం. మన అమ్మాయి ఇరుక్కున్న హెచ్‌ఎం సమస్యకు అక్కడ ఏదైనా జవాబు దొరకొచ్చు. విదేశం అంటే యూరప్ ఒక్కటే కాదు. శ్రీలంకలోనూ టీచర్లను తయారుచేసే జాతీయ విద్యా కళాశాలలున్నాయి, గడియారం తేడా కూడా లేదు.

మెయిల్ ఎవరికి పెట్టాలి? అంతర్జాతీయ విభాగానికి కాదు. అక్కడ అది క్యూలో పడిపోతుంది. వెబ్‌సైట్‌లో అధ్యాపకుల జాబితా చూసి, ఇంటర్న్‌షిప్ చూసే ఒక లెక్చరర్‌కు నేరుగా రాయండి. మెయిల్ పది వాక్యాలు దాటొద్దు. మేమెవరం, మా పిల్లలు ఏం చదువుతున్నారు, మాకున్న ఫలానా చిక్కు ఇది, మీ దగ్గర దీన్ని ఎలా చూసుకుంటున్నారు, ఒక అరగంట మాట్లాడదామా? అంతే. కాలేజీ చరిత్ర, కరస్పాండెంట్ గారి ఫొటో అక్కర్లేదు. మన ఊరివాళ్లు ఎవరో ఒకరు అక్కడ ఉంటారు, "మా అబ్బాయితో చెప్పిస్తాలే" అంటారు. చెప్పించండి, తప్పులేదు. కానీ పరిచయం వరకే అది పనికొస్తుంది. ఆ తర్వాత అక్కడి లెక్చరర్‌కు సొంతంగా ఆసక్తి లేకపోతే బండి కదలదు.

అనుమతులు, డబ్బు

డైట్ అయితే ప్రిన్సిపాల్ ద్వారా ఎస్‌సీఈఆర్‌టీకి (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి), బీఈడీ కాలేజీ అయితే యాజమాన్యానికి, అనుబంధ యూనివర్సిటీకి ఒక లేఖ పెట్టి ఉంచండి. డబ్బు మాత్రం తీసుకోకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం పుచ్చుకోకూడదు. "చిన్న మొత్తమే కదా" అన్నా సరే, వద్దనండి.

టైము కుదుర్చుకోవడం

మన సమయం ఏడాదంతా ఒకటే, వాళ్లది మారుతుంది. మనకు మధ్యాహ్నం మూడున్నర అయితే ఐర్లండ్‌లో చలికాలం ఉదయం పది, ఎండాకాలం పదకొండు. ఫిన్లండ్‌లో పన్నెండు లేదా ఒంటిగంట. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం నాడు వాళ్లు గడియారం గంట జరుపుతారు. ఆ వారం మీటింగుకు సగం మంది రాకపోతే కారణం అదే.

నెలల సంగతి ఇంకా ముఖ్యం. నెల్లూరు తీరానికి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ వారం తుఫాను వస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డిసెంబరు చివర వాళ్లకు క్రిస్మస్ సెలవులు, ఆ వెంటనే మనకు సంక్రాంతి. అందుకే సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారంలో మొదలుపెట్టి మార్చి మధ్యకు ముగించండి. ఆ రోజుల్లో మీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌లో లేకపోతే ఇంటర్న్‌షిప్ ఉన్న నెలలకే జరుపుకోండి, వానకు రెండు వారాలు అదనంగా పెట్టుకుని.

ఎనిమిది వారాలు

మొదటి రెండు వారాలు లైవ్ మీటింగ్ పెట్టకండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు కెమెరా ముందు ఇంగ్లిష్ అంటే బిగుసుకుపోతారు, ఇద్దరు గడగడా మాట్లాడి మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండిపోతారు. ముందు వాయిస్ నోట్లు పంపుకోనివ్వండి. మళ్లీ మళ్లీ రికార్డు చేసుకోవచ్చు కాబట్టి భయం ఉండదు. తెలుగులో చెప్పి పక్కనున్నవాళ్లు ఇంగ్లిష్‌లో చెప్పినా పర్వాలేదు.

మూడో వారం ఒకరి దినచర్య కాగితాలు ఒకరు చదివి, నలుగురైదుగురు చొప్పున చిన్న గుంపుల్లో ముప్పావు గంట మాట్లాడుకోవాలి. లెక్చరర్లు ఆ గదుల్లో ఉండకూడదు. ఉంటే నిజం బయటికి రాదు.

నాలుగు నుంచి ఆరో వారం దాకా అసలు పని. రెండు వైపులా ఒక్కో చిన్న మార్పు చేసి చూడాలి. మన వైపు ఇలా ఉండొచ్చు: వారానికి రెండు లెసన్ ప్లాన్లు పూర్తిగా రాయాలి, మిగతావి ఒక్క పేజీలో. మిగిలిన సమయంలో స్కూల్లోని గైడ్ టీచర్ అదే రోజు పది నిమిషాలు కూర్చుని పాఠం గురించి మాట్లాడాలి. పాఠం ఎలా సాగిందో రెండు వాక్యాలు రికార్డులో రాయాలి. ముందుగా మెథడ్ లెక్చరర్‌నూ (సబ్జెక్టును ఎలా బోధించాలో నేర్పేవారు), ఆ స్కూలు హెచ్‌ఎంనూ కలిసి ఒప్పించండి. హెచ్‌ఎం దగ్గరికి ఉత్తరం పంపి ఊరుకోకుండా మనిషిగా వెళ్లండి. ఆయన మాట పోనివ్వకుండా, సెలవు పెట్టిన సార్ల పీరియడ్లు ట్రైనీకి వారానికి ఇన్నే అని ఒప్పించుకోవడానికి అదే సమయం.

ఏడో వారం పోల్చుకోవడం, ఎనిమిదో వారం రెండు కాలేజీలూ కలిసి రెండు పేజీలు రాయడం. ఏం పనిచేయలేదో కూడా రాయాలి.

కొలవడం, జాగ్రత్తలు

నిద్ర గంటలు, రికార్డుకు పట్టిన గంటలు, గైడ్ టీచర్ మాట్లాడారా లేదా, ఈ మూడూ లెక్క పెడితే చాలావరకు తెలిసిపోతుంది. ఇంకొకటి కావాలంటే డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ఐదు వాక్యాల ప్రశ్నావళి ఉంది. 1998 నుంచి వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, నిద్ర లేచాక హాయిగా ఉందా వంటి వాటికి 0 నుంచి 5 దాకా అంకె వేసి, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు ఎంతో తెలుస్తుంది. 50 కన్నా తక్కువ వస్తే ఆ మనిషితో విడిగా మాట్లాడాలన్న సూచన అది, జబ్బు అని తీర్పు కాదు. అందుకని కాగితం ఎవరిది వారి దగ్గరే ఉంచుకుని, తక్కువ వచ్చినవాళ్లు తామే వచ్చి చెప్పేలా ఏర్పాటు చేయండి. రెండు దేశాల సగటులు పక్కపక్కన పెట్టి ఎవరు సుఖంగా ఉన్నారని పోటీ పెట్టకండి. పదిమంది లెక్కతో ఏదీ తేలదు.

ఇంట్లో గొడవలు, పెళ్లి ఒత్తిడి, అప్పుల మాటలు దేశం దాటి వెళ్లకూడదు. పంచుకోవాల్సింది పని గురించే అని మొదటి రోజే చెప్పండి. బడి పిల్లల ఫొటోలు, పేర్లు అసలే పంపొద్దు. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ప్రాజెక్టు పక్కన పెట్టి వాళ్లతో ఉండండి, టెలీ మానస్ నంబరు 14416కు కలపండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మొదటి రోజే నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఇదంతా అయ్యాక రెండు వైపులా మళ్లీ చేద్దామనిపిస్తే అప్పుడు ఎంఓయూ. ఒక్క పేజీ చాలు: గడువు ఏడాది, ఏ నెలల్లో, ఎంతమంది, రెండు వైపులా బాధ్యులెవరు, ఆ లెక్చరర్ బదిలీ అయితే ఆ పని ఎవరు చూస్తారు. ఈ చివరిది రాయకపోతే ట్రాన్స్‌ఫర్ ఆర్డరుతో పాటే సహకారమూ వెళ్లిపోతుంది. ఫ్లెక్సీ కొట్టించాలనుకుంటే ఆ రోజు కొట్టించుకోండి.