చామనచాయ చేతులకు వసంతపు రంగులు: గోళ్ల అలంకరణ ఎలా చేసుకోవాలి

ఫాల్గుణం వచ్చేసరికి సౌందర్య సాధనాల దుకాణాల్లో గోళ్ల రంగుల వరుస మారిపోతుంది. చలికాలమంతా ముందు నిలిచిన మెరూన్, ముదురు ఎరుపు సీసాలు వెనక్కి జరిగి లేత గులాబీ, లావెండర్, పుదీనా పచ్చ, నిమ్మ పసుపు ముందుకు వస్తాయి. సీసాలో అంత ముచ్చటగా ఉన్న రంగు చామనచాయ వేలి మీదికి రాగానే పాతగోడకు సున్నం కొట్టినట్టు వెలవెలబోతుంది, దాని పక్కన చేయి కూడా బూడిదబారినట్టు కనిపిస్తుంది. కౌంటరులోని అమ్మాయి “మీకు మెరూనే బాగుంటుంది మేడమ్” అంటుంది, మనమూ తలూపి మళ్లీ మెరూనే తెచ్చుకుంటాము. నేను అలా తెచ్చుకున్న మెరూన్ సీసాలు నాలుగు ఇంకా అలమారలో ఉన్నాయి.

ఇందులో తప్పంతా సీసాలో కలిపిన తెల్లపొడిదే. లేత రంగు తయారు చేయడానికి అసలు రంగులో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడిని బాగా కలుపుతారు. తెల్లని చర్మం పక్కన ఆ తెలుపు కలిసిపోతుంది కాని, ముదురు చర్మం పక్కన విడిగా నిలబడి సుద్దలా కనిపిస్తుంది. పల్చటి రంగులతో వచ్చే చిక్కు వేరు. వాటి కింద నుంచి గోటి అడుగు కనిపిస్తుంది. ముదురు రంగు చేతుల్లో ఆ అడుగు తరచుగా గోధుమ, ఊదా ఛాయల్లో ఉంటుంది కనుక, గులాబీ అడుగును మనసులో పెట్టుకుని తయారు చేసిన పారదర్శకమైన రంగు దాని మీద మురికిగా తేలుతుంది. కాబట్టి లేత రంగే కావాలనుకున్నప్పుడు తెలుపు తక్కువగా, అసలు రంగు చిక్కగా ఉన్నదాన్ని వెతకాలి.

ఈ తేడాను పట్టుకోవడానికి చీరల దుకాణం భాష చాలా ఉపయోగపడుతుంది. లేత గులాబీకి బదులు ఉల్లిపొర రంగు, లావెండర్‌కు బదులు నేరేడు రంగులో ఒక మెట్టు లేతది, పుదీనా పచ్చకు బదులు చిలకపచ్చ, నిమ్మ పసుపుకు బదులు పండిన మామిడి పసుపు, లేత ఆకాశనీలానికి బదులు పాలపిట్ట రెక్కలోని నీలం అనుకుని సీసాలను చూస్తే చేయి తనంతట తానే సరైన వాటి మీదికి వెళ్తుంది. ఇక్కడి వసంతం కూడా లేత రంగుల వసంతం కాదు. ఆకురాల్చిన మోదుగ చెట్టు నిండా నిప్పుకణికల్లా పూస్తుంది, కనకాంబరాలు పూలబుట్టల్లోకి వస్తాయి, మామిడి చిగురు ఆకుపచ్చ కాకముందు రాగి రంగులో మెరుస్తుంది. నా దృష్టిలో చామనచాయకూ నలుపుకూ ఈ మామిడి చిగురు రంగును మించినది లేదు. రాగి మెరుపున్న ఎర్రగోధుమ సీసాను రెండు పూతలు వేస్తే, నీడలో హుందాగా, ఎండలో అచ్చంగా కొత్త చిగురులా, రెండు రకాలుగా కనిపిస్తుంది.

మోదుగ నారింజ, రాణీ రంగు వంటి గాఢమైన రంగులు ముదురు చర్మం మీద మరే చర్మం మీదా లేనంతగా వెలుగుతాయి. వాటిని ఇంకా ప్రకాశవంతంగా చూడాలనుకుంటే ముందు ఒక పల్చటి తెల్ల పూత వేసి, అది ఆరాక దాని మీద రంగు వేయాలి. గోటి అడుగు ఛాయ ఆ తెలుపు వెనక దాగిపోతుంది. ఆఫీసుకు నప్పే ఒంటి రంగు కావాలనుకునే వారు ‘న్యూడ్’ అని రాసి ఉన్న ప్రతి సీసానూ నమ్మకూడదు, వాటిలో చాలా వరకు గోధుమపిండి రంగుకు దగ్గరగా ఉంటాయి. మీ వేలి వెనుక భాగం కంటే ఒక మెట్టు ముదురుగా ఉండే కాఫీపొడి రంగు, ముక్కుపొడి రంగు, లేదా ఒక మెట్టు లేతగా ఉండే పాకం రంగు తీసుకుంటే వేళ్లు పొడవుగా కనిపిస్తాయి.

చర్మపు లోఛాయను, అంటే చర్మం లోపలి నుంచి తొంగిచూసే పసుపు లేదా గులాబీ ఛాయను, మణికట్టు నరాల రంగు చూసి చెప్పే పద్ధతి ముదురు చర్మం మీద సరిగా పనిచేయదు, ఎందుకంటే నరాలే స్పష్టంగా కనిపించవు. దానికి బదులు పగటి వెలుగులో అరచేతిని చూసుకోవాలి. అరచేయి పసుపు, నారింజ వైపు మొగ్గితే రాగి, నారింజ, మామిడి పసుపు రంగులు తేలికగా కలుస్తాయి. గులాబీ, ఊదా వైపు మొగ్గితే నేరేడు, రాణీ, నీలం రంగులు కలుస్తాయి. ఇది కొలమానం మాత్రమే, నిషేధం కాదు. దుకాణంలో పరీక్షించేటప్పుడు పారదర్శకమైన టేపు ముక్క మీద ఒక గీత వేసి, దాన్ని గోటి మీద అంటించుకుని, గుమ్మం దాకా వచ్చి చూడాలి. ట్యూబులైటు కింద బాగున్న రంగు ఎండలో మోసం చేయడం మామూలే.

రంగు వేసే ముందు పాతది పూర్తిగా తీసి గోళ్లను ఒకసారి తీరిగ్గా చూసుకోవాలి. ముదురు చర్మం ఉన్నవారి గోళ్లలో నిలువుగా గోధుమ రంగు చారలు ఉండటం సహజమే. కాని ఒకే గోటిలో కొత్తగా ఒక చార వచ్చి, అది వెడల్పవుతున్నా, గోటి మొదట్లోని చర్మం మీదికి ఆ నలుపు పాకినా రంగు వేసి కప్పకుండా చర్మవైద్యుని దగ్గరకు వెళ్లాలి.

గోళ్లను ఆకురాయితో ఒకే దిశలో రుద్దాలి, అటూ ఇటూ రుద్దితే అంచులు పొరలుగా విడిపోతాయి. గోటి మొదట్లోని పల్చటి చర్మాన్ని కత్తిరించకూడదు. గోరువెచ్చని నీటిలో ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తని గుడ్డతో వెనక్కి నెట్టితే చాలు. వేలి కణుపుల దగ్గర చర్మం పొడిబారి నల్లగా ఉన్నప్పుడు ఎంత మంచి రంగు వేసినా తేలదు కనుక, వారం ముందు నుంచే రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోవడం మంచిది. అయితే రంగు వేసే రోజు గోటి మీద నూనె జాడ లేకుండా రిమూవర్‌లో ముంచిన దూదితో తుడవాలి.

తర్వాత బేస్ కోట్, అంటే రంగు కింద గోటికి రక్షణగా ఉండే పారదర్శకమైన పూత, వేయాలి. ముదురు నారింజ, ఎరుపు రంగులు నేరుగా వేస్తే గోళ్లను పసుపుబార్చుతాయి. రంగు సీసాను గట్టిగా ఊపకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించాలి, ఊపితే గాలి బుడగలు చేరతాయి. కుంచెను సీసా మూతి దగ్గర ఒక వైపు ఒత్తి, గోటి మధ్యలో ఒక గీత, రెండు పక్కలా రెండు గీతలు వేసి, చివరగా గోటి అంచు మీద కూడా ఒకసారి కుంచె తాకించాలి. ఈ చివరి పని చాలామంది మానేస్తారు, రంగు కొసల నుంచే ఊడటానికి కారణం అదే. పూతకూ పూతకూ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఫ్యాను కింద కూర్చుని ఆరబెట్టవద్దు. పైపొర ముందే గట్టిపడి, లోపలి తడి బుడగలై లేస్తుంది.

వసంతం గుర్తుకు రావడానికి పది గోళ్ల మీదా బొమ్మలు అక్కర్లేదు. ఉంగరపు వేలి గోరు ఒక్కటి చాలు. చిలకపచ్చ పూత బాగా ఆరాక, గుండుసూది తలను తెల్లరంగులో ముంచి ఐదు చుక్కలు వలయంగా పెట్టి, నడుమ సూది మొనతో ఒక లేత పసుపు చుక్క పెడితే వేపపువ్వు తయారవుతుంది. సూది తలను ప్రతి చుక్కకూ మళ్లీ ముంచాలి, లేకపోతే రేకులు ఒకదానికంటే ఒకటి చిన్నవవుతూ పోతాయి.

గోరింటాకు పెట్టుకున్న గోళ్ల సంగతి వేరు. చర్మం మీది ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది కాని, గోటి మీది ఎరుపు గోరు పెరిగేదాకా పోదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక అది నెలల తరబడి ఉంటుంది. దాని మీద లేత నీలం, లావెండర్ వేస్తే మట్టి రంగు వస్తుంది. పారదర్శకమైన టాప్ కోట్ (అన్నిటికంటే పైన వేసే పూత), కొస మీద సన్నని బంగారు గీత చాలు.

సెలూన్లలో వేసే జెల్ రంగు రెండు వారాలకు పైగా నిలుస్తుంది. కాని దాని ద్రవం చర్మానికి తగిలితే కొందరికి జీవితాంతం ఉండే ఎలర్జీ రావచ్చు, కనుక గోటి చుట్టూ అంటిన జెల్‌ను, దాన్ని గట్టిపరిచే దీపం కింద చేయి పెట్టకముందే తుడిచేలా చూసుకోవాలి. జెల్ గట్టిపడటానికి వాడే టీపీఓ అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది కనుక, అది లేని సీసా అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చేత్తో అన్నం తినే మనకు ఎవరూ చెప్పని ఇబ్బంది పసుపు. పప్పు, పులిహోర కలిపిన మర్నాడు కుడిచేతి తెల్ల, లేత గోళ్లు మాత్రమే పచ్చబడి, ఎడమచేయి కొత్తగా ఉంటుంది. రెండు రోజులకొకసారి కుడిచేతికి మాత్రం టాప్ కోట్ వేస్తే చాలా వరకు అడ్డుకట్ట పడుతుంది. అదీ చేయలేని వారు తెల్లరంగు జోలికి పోకుండా మామిడి పసుపు వేసుకోవడం తెలివైన పని.

ఉగాది కోసమైతే ముందు రోజు రాత్రి హడావిడిగా వేసుకోవద్దు. తెల్లవారుజామున నువ్వులనూనెతో తలంటు, వేడినీళ్లు, ఆపైన చింతపండు పిసకడం, మామిడికాయ తరగడం ఉంటాయి. పూర్తిగా గట్టిపడని రంగు వీటికి తట్టుకోలేదు. రెండు రోజుల ముందు వేసుకుని, పండుగ ఉదయం స్నానం అయ్యాక గోళ్లను పొడిగుడ్డతో తుడిచి, పచ్చడి కలిపే పని ముగిశాక కొసలకు ఒక టాప్ కోట్ వేసుకోవాలి.